లైబ్రరీ బిల్డింగ్‌కి పంచాయతీ డబ్బు అడిగితే స్థలం రాసిమ్మంటున్నారు, ఏం చెయ్యమంటారు?

గోదారిగట్టు (అక్టోబర్ 2025)

అందరికీ నమస్కారం అండి. మాది భీమవరం దగ్గర ఒక పల్లెటూరు, పేరెందుకులెండి, మా ఊరోళ్ళు ఇక్కడ చదివితే మళ్ళీ అదో గొడవ. మాకు రిజిస్టర్డ్ సొసైటీ ఉంది. అద్దె పెంకుటింట్లో లైబ్రరీ నడుపుతాం, సాయంత్రాలు టెన్త్ పిల్లలకి ఫ్రీ ట్యూషన్, నెలకోసారి బీపీ షుగర్ క్యాంపు. వానొస్తే బీరువాల మీద టార్పాలిన్ కప్పి కూర్చోవడమే. ఇప్పుడు ఇంటి ఓనరు గారి పిల్లలు అమ్మేస్తాం ఖాళీ చెయ్యండి అంటున్నారు.

ఊళ్ళో ఒక పెద్దాయన 5 సెంట్ల స్థలం ఇస్తానన్నారు. తెలిసిన ఇంజనీరు గారు కింద హాలు, రెండు గదులు, బాత్రూములు కలిపి 38 లక్షలు అవుద్దని వేసిచ్చారు. చందాలు మాట వరకు 11 లక్షలు వచ్చాయి, చేతికొచ్చింది 6. మిగతా దానికి సర్పంచి గారిని కలిస్తే ఆయన చాలా బాగా మాట్లాడారు, పంచాయతీ నుంచి 10 లక్షలు పెట్టిస్తా కానీ స్థలం పంచాయతీ పేరు మీద గిఫ్ట్ డీడ్ రాయండి, కట్టాక నడుపుకునేది మీరే అన్నారు. దాంతో కమిటీ రెండుగా చీలిపోయింది, రాసిచ్చేద్దాం ఊరి ఆస్తే కదా అనేవాళ్ళు కొందరు, రాసిస్తే రేపు మనల్ని బయటికి గెంటేస్తారు అనేవాళ్ళు కొందరు, నిన్న మీటింగులో కుర్చీలు లేవలేదు గానీ అంతదాకా వచ్చింది. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

బెజవాడ_బ్లేడు

రాసివ్వొద్దు. అయిపోయింది, థ్రెడ్ క్లోజ్.

రిటైర్డ్_ఈఓపీఆర్డీ

బ్లేడు గారూ కాస్త ఆగండి. గోదారిగట్టు గారూ, నా సర్వీసంతా మండలాఫీసుల్లోనే గడిచింది కాబట్టి చెప్తున్నా. మీ సర్పంచి గారు స్థలం అడగడం దురాశ కాదు, అడక్కపోతేనే అనుమానపడాలి. పంచాయతీ డబ్బు పంచాయతీ ఆస్తి మీద ఖర్చవ్వాలి. సొసైటీ స్థలంలో పంచాయతీ సొమ్ముతో గోడ లేపితే రేపు స్టేట్ ఆడిట్ వాళ్ళు పేరా (అభ్యంతరం) రాస్తారు, సర్‌చార్జి వేసి సర్పంచి, సెక్రటరీల దగ్గర రికవరీ చెయ్యమంటారు. రిటైరయ్యాక పెన్షన్ కాగితాల దగ్గర ఆ పేరాలు క్లియర్ కాక తిరిగిన సెక్రటరీలని చూశాను.

రెండోది, ఆ 10 లక్షలు ఎక్కడివో ముందు అడగండి. 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో 60 శాతం టైడ్, అది తాగునీటికి, పారిశుధ్యానికే. మిగిలిన 40 శాతం అన్‌టైడ్‌లోంచి ఊరి అవసరాలన్నీ లాగాలి. పైగా మీ పని గ్రామసభలో పెట్టి, జీపీడీపీలో (పంచాయతీ ఏడాది ప్లాన్‌లో) ఎక్కించి, ఈగ్రామ్‌స్వరాజ్ పోర్టల్లో అప్‌లోడ్ అయితేనే అది పని. లేకపోతే అది మాట మాత్రమే. పేమెంట్లు పీఎఫ్ఎంఎస్‌లో (కేంద్రం ఆన్‌లైన్ చెల్లింపుల పద్ధతిలో) నేరుగా పనిచేసినవాడి ఖాతాకే వెళ్తాయి, మీ సొసైటీ అకౌంటుకి రూపాయి కూడా రాదు. చాలామంది అదే అనుకుని వస్తారు, చెక్కు ఇస్తారని.

గోదారిగట్టు

చెక్కు ఇస్తారనే అనుకున్నాం అండి 🙂 మా ట్రెజరర్ గారైతే రసీదు పుస్తకం కూడా పట్టుకొచ్చారు.

బెజవాడ_బ్లేడు

అసలు పంచాయతీ ఖాతాలో డబ్బుంటే కదా. కేంద్రం ఇచ్చిన ఫైనాన్స్ కమిషన్ డబ్బు మాకు చెప్పకుండా కరెంటు బిల్లుల కింద సర్దేశారని పార్టీలకతీతంగా సర్పంచులు రోడ్డెక్కిన రాష్ట్రం మనది. ఇంకోటి, ఈ సర్పంచులంతా 2021లో గెలిచినవాళ్ళు, ఐదేళ్ళు 2026 ఏప్రిల్‌కి అయిపోద్ది. ఆర్థిక సంఘం గడువు కూడా 2026 మార్చితో సరి. అంటే స్థలం మీరు ఇప్పుడు రాస్తారు, ఇల్లు ఆయన తర్వాతి సర్పంచి కట్టాలి. ఆ వచ్చేవాడికి మీరెవరో తెలీదు.

పాలమూరు_పోరడు

అన్నా మా దిక్కు కథ ఇనుండ్రి. మా ఊర్ల యువజన సంఘం బిల్డింగ్ కోసం ఎమ్మెల్యే దగ్గరికి పోయినం. తెలంగాణల ఒక్కో ఎమ్మెల్యేకు నియోజకవర్గ అభివృద్ధి నిధి ఏడాదికి 5 కోట్లు ఉంటది, అండ్ల నుంచి 8 లక్షలు రాసిచ్చిండు. కొబ్బరికాయ కొట్టిండ్రు, ఫోటోలు దిగిండ్రు, పిల్లర్లు లేసినయి, స్లాబ్ కాడికి వచ్చేటాలకు ఎలక్షన్ కోడ్ వచ్చింది, ఎమ్మెల్యే మారిండు. కాంట్రాక్టరుకు బిల్లు రాలే. ఆయన సెంట్రింగ్ కట్టెలు తీసుకొని పోయిండు. పిల్లర్ల మీద ఇనుప చువ్వలు తుప్పు పట్టి ఇప్పటికీ గట్లనే ఉన్నయి. ఎవల్ని అడిగినా ఫైలు నడుస్తున్నది అంటరు.

సర్పంచుల సంగతి చెప్పకు, మాకు 2024 ఫిబ్రవరి నుంచి సర్పంచులే లేరు, స్పెషల్ ఆఫీసర్లే. పాలకవర్గం లేదని సెంట్రల్ గ్రాంట్ ఆగింది. ట్రాక్టర్ల డీజిల్‌కే పైసలు లేవంటే లైబ్రరీకి ఎవలిస్తరు?

సిమెంటు_కంకర

పంచాయతీరాజ్ ఇంజనీరింగ్‌లో పనిచేస్తాను, డిపార్ట్‌మెంటు తరఫున కాదు నా తరఫున చెప్తున్నా.

పోరడు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం, అలాంటివి ప్రతి మండలంలో ఉంటాయి. ఎందుకు ఆగుతుందో చెప్తా. 25 లక్షల పనికి 8 లక్షలు శాంక్షన్ చేసి మిగతాది తర్వాత చూద్దాం అనుకుని మొదలెడతారు. మాకు వచ్చే ఎస్టిమేట్ 8 లక్షలకే. ఆ 8లో ఎక్కడిదాకా వస్తే అక్కడితో పని పూర్తయినట్టు ఎం.బుక్‌లో (కొలతల పుస్తకంలో) రాసేస్తాం, ఫైలు క్లోజ్. ఆ తర్వాత ఆ పిల్లర్లు ఎవరివీ కావు. కాబట్టి ఎంత చిన్న డబ్బు వచ్చినా దానితో వాడుకోడానికి పనికొచ్చే ముక్క ఒకటి పూర్తవ్వాలి. 10 లక్షలొస్తే చిన్న గది అయినా సరే, తలుపులు కిటికీలు కరెంటుతో సహా పూర్తి చేయించుకోండి. పెద్ద హాలుకి పునాది మాత్రం వెయ్యకండి.

ఇంకో మాట. మీ ఇంజనీరు గారి 38 లక్షలకి మా ఎస్టిమేటుకి పొంతన ఉండదు, మేం ఎస్ఎస్ఆర్ (ప్రభుత్వ స్టాండర్డ్) రేట్ల ప్రకారం వేస్తాం, దాని మీద జీఎస్టీ 18 శాతం, ఇంకా చిల్లర కలుస్తాయి. సిమెంటు మీద జీఎస్టీ సెప్టెంబర్ 22 నుంచి 28 కాస్తా 18 అయింది, మీ సొంత డబ్బుతో కొనేదానికి ఆ తగ్గింపు కొంచెం కలిసొస్తుంది, ఆయన పాత రేటుకి వేశారేమో అడగండి.

మీ చందా డబ్బు, ప్రభుత్వ డబ్బు ఒకే గోడలో కలపొద్దు. సగం ఇటుకలు మీవి సగం మావి అంటే కొలతలు రాసేవాడు ఏం రాస్తాడు? స్లాబ్ దాకా వాళ్ళది, ఫ్లోరింగు, కరెంటు, బీరువాలు, పెయింటు మీవి, అలా విడగొట్టుకోండి. లేదా గ్రౌండ్ ఫ్లోర్ మీది, ప్రహరీ వాళ్ళది.

రిటైర్డ్_ఈఓపీఆర్డీ

కంకర గారు చెప్పినదాంట్లో ఆఖరి ముక్కే అసలు విషయం. గోదారిగట్టు గారూ, పంచాయతీని బిల్డింగ్ అడగకండి. పంచాయతీ చట్టప్రకారం ఎలాగూ చెయ్యాల్సిన పనులు అడగండి. మీ స్థలం దాకా సీసీ రోడ్డు, డ్రెయిను, కుళాయి కనెక్షను, వీధి లైటు. రోడ్డు ఉపాధి హామీ మెటీరియల్ కాంపోనెంట్‌లో (సామగ్రి వాటాలో) పడుతుంది, మన రాష్ట్రంలో ఊళ్ళల్లో సీసీ రోడ్లు చాలా భాగం ఆ డబ్బుతో వేసినవే. డ్రెయిను, పబ్లిక్ టాయిలెట్టు పారిశుధ్యం పద్దులో పడతాయి. ఇవన్నీ పబ్లిక్ రోడ్డు మీద, పబ్లిక్ స్థలంలో జరిగే పనులు కాబట్టి మీరు సెంటు భూమి కూడా రాసివ్వక్కర్లేదు, ఆడిట్ పేరా కూడా రాదు. ఇవి మీరే చేయించుకుంటే ఎంతవుతుందో ఆ 38 లక్షల కాగితంలో చూడండి, మెరక తోలడం, రోడ్డు, బోరు ఇలాంటివాటికే బోలెడు పోతుంది మన డెల్టా నేలల్లో.

గోదారిగట్టు

మెరకకే 3 లక్షలు వేశారండి. చేపల చెరువు గట్టు పక్క స్థలం అది, నిజమే.

వీఓ_లీడరమ్మ

నేనొకటి అడగొచ్చా అన్నయ్యలూ. మీరంతా స్థలం ఎవరి పేరు మీద ఉండాలి అని కొట్టుకుంటున్నారు కానీ లోపల ఎవరు కూర్చుంటారు అని ఎవరూ అడగలేదు. మా ఊళ్ళో కూడా ఒక సంఘం బిల్డింగ్ ఉంది, ఊరందరిదీ అని చెప్పి మా గ్రూపుల దగ్గర కూడా చందా తీసుకున్నారు, తీరా చూస్తే పొద్దస్తమానం పేకాట, ఆడవాళ్ళు గుమ్మం దగ్గరికి కూడా వెళ్ళరు. మా వీఓ (డ్వాక్రా గ్రూపుల గ్రామ సంఘం) మీటింగు ఇప్పటికీ గుడి అరుగు మీదే. ఆ టెన్త్ పిల్లల్లో ఆడపిల్లలు రాత్రి ఏడింటిదాకా కూర్చోవాలంటే బాత్రూము లోపల ఉండాలి, గొళ్ళెం ఉండాలి, వీధిలో లైటు ఉండాలి. ఎక్కడో వెనక రేకుల షెడ్డు వేసి ఇదే బాత్రూము అనకండి. కమిటీలో ఆడవాళ్ళు ఎంతమంది ఉన్నారు?

గోదారిగట్టు

9 మందిలో ఒకావిడ అమ్మా. ఆవిడ కూడా మా సెక్రటరీ గారి భార్య.

వీఓ_లీడరమ్మ

అనుకున్నాను. మీ ఊరి వీఓతో మాట్లాడండి. గ్రామసభకి మగవాళ్ళు నలుగురొస్తే ఎక్కువ, మా గ్రూపులు కదిలితే వంద మంది వస్తాం. మీ పని ప్లాన్‌లో ఎక్కాలంటే ఆ చేతులెత్తేది ఎవరో ఆలోచించుకోండి.

సిమెంటు_కంకర

👏 ఇది ఏ ఎస్టిమేటులోనూ రాని పాయింటు.

డాలస్_బాబాయ్

నమస్తే. మాది పాలకొల్లు దగ్గరే, ఇక్కడ సెటిలయ్యాం. నేను 2000 డాలర్లు ఇస్తాను, మా స్నేహితులు ఇంకో పదిమంది దాకా ఇస్తారు, ఈ పంచాయతీల చుట్టూ ఎందుకు తిరగడం, నేరుగా సొసైటీ అకౌంటు నంబరు మెసేజ్ చెయ్యండి, రేపే పంపేస్తాం.

పద్దులు_80జీ

బాబాయ్ గారూ ఆగండి ఆగండి, పంపకండి. మీది ఏ పాస్‌పోర్టు?

డాలస్_బాబాయ్

అమెరికన్. ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతికి ఇచ్చేది) ఉంది. ఎందుకు?

పద్దులు_80జీ

అదే కొంప ముంచేది. ఓసీఐ ఉన్నా సరే చట్టం ముందు మీరు విదేశీయులే, మీరు ఇచ్చేది విదేశీ విరాళం. ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా సొసైటీ ఆ డబ్బు ముట్టుకుంటే కేసు సొసైటీ మీద పడుతుంది, మీ మీద కాదు. మీ స్నేహితుల్లో ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు, హెచ్1బీ మీదున్నా సరే, వాళ్ళ సొంత సంపాదనలోంచి మామూలు బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందకి రాదు. అయినా పాస్‌పోర్టు కాపీ తీసి ఫైల్లో పెట్టుకోండి గోదారిగట్టు గారూ.

ఎఫ్‌సీఆర్ఏ రిజిస్ట్రేషన్ తెచ్చుకుందాం అంటారేమో, సొసైటీకి కనీసం మూడేళ్ళ వయసుండాలి, గడిచిన మూడేళ్ళలో సేవ మీద 15 లక్షలు ఖర్చు చూపించాలి, 2020 సవరణ తర్వాత డబ్బు ముందు న్యూఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలో తెరిచిన ఖాతాలోనే పడాలి. ఊరి లైబ్రరీకి ఇదంతా మోయలేని బరువు. అలాగని మా తమ్ముడి అకౌంటుకి పంపుతా వాడు సొసైటీకి ఇస్తాడు అనే దొడ్డిదారి మాత్రం వద్దు, ఇప్పుడే చెప్తున్నా, ఎందుకంటే తర్వాతి మెసేజ్ అదే వస్తుందని నాకు తెలుసు.

డాలస్_బాబాయ్

టైప్ చేసి డిలీట్ చేశానండి 😅 సరే, పాస్‌పోర్టు మారనివాళ్ళు మాలో నలుగురైదుగురు ఉన్నారు, వాళ్ళతో మాట్లాడతా. నేను పుస్తకాలు కొనిస్తే?

పద్దులు_80జీ

వస్తువు రూపంలో ఇచ్చినా విదేశీ విరాళమే. సెలవుల్లో వచ్చినప్పుడు పిల్లలకి పాఠం చెప్పండి, దానికి ఏ పర్మిషనూ అక్కర్లేదు.

గోదారిగట్టు గారూ, మీకు ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ళ 12ఏ (సొసైటీ ఆదాయానికి మినహాయింపు), 80జీ (దాతలకి మినహాయింపు) ఉన్నాయా? లేకపోతే ముందు అవి పెట్టండి. కొత్త ట్యాక్స్ విధానంలో ఉన్నవాళ్ళకి 80జీ మినహాయింపు రాదు కాబట్టి మామూలు దాతలకి పెద్ద ఆశ లేదు, కానీ కంపెనీ సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) డబ్బు కావాలంటే అవి తప్పనిసరి, వాటితోనే సీఎస్ఆర్-1 ఫారం వెయ్యాలి. మీ వైపు రొయ్యల ఎక్స్‌పోర్టు కంపెనీలున్నాయి కదా, లాభం 5 కోట్లు దాటినవాళ్ళు మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టి తీరాలి. నగదు చందా 2000 దాటితే 80జీ రాదు, కాబట్టి చెక్కో యూపీఐయో తీసుకోండి. బిల్డింగ్ ఫండుకి వేరే అకౌంటు తెరవండి. ట్యూషన్ మాస్టారి జీతం, బిల్డింగ్ డబ్బు ఒకే పాస్‌బుక్కులో ఉంటే నేను కూడా తేల్చలేను.

తెనాలి_చదువరి

మనం కట్టే ఇంటి పన్ను రసీదు చూడండి, అందులో లైబ్రరీ సెస్సు 8 శాతం ఉంటుంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం పెట్టిన సెస్సు అది. అంటే మీ ఊళ్ళో ప్రతి ఇల్లూ లైబ్రరీకి డబ్బు కడుతూనే ఉంది, మీ లైబ్రరీకి మాత్రం అందులో పైసా రాదు. అది పంచాయతీ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకి కట్టాలి, చాలా చోట్ల కట్టకుండా బకాయి పెడతారు, అది వేరే భాగోతం. నా సలహా, సంస్థకి వెళ్ళి మీ దగ్గర పుస్తక నిక్షిప్త కేంద్రం (వాళ్ళ పుస్తకాలు ఉంచే చోటు) పెట్టమనండి. బిల్డింగ్ ఇవ్వరు గానీ పుస్తకాలు వస్తాయి, గవర్నమెంటు బోర్డు ఒకటి వేలాడుతుంది, ఆ బోర్డు ఉంటే ఇంకో ఆఫీసులో మీ అర్జీకి కాస్త విలువ పెరుగుతుంది.

ఇంకోటి. వేటపాలెం సారస్వత నికేతనం చూశారా ఎవరైనా? 1918లో కుర్రాళ్ళు పెట్టిన లైబ్రరీ, 1929లో గాంధీ గారు వచ్చి బిల్డింగ్‌కి శంకుస్థాపన చేశారు, ఆయన చేతికర్ర ఇప్పటికీ అక్కడుంది. పాత పత్రికల కోసం ఎక్కడెక్కడి నుంచో పరిశోధన చేసేవాళ్ళు వస్తారు. అది ప్రైవేటు సంస్థగానే నిలబడింది, ఊళ్ళో దాతల మీద. అందుకే స్థలం రాసివ్వకండి అనేది నా ఓటు కూడా.

రిటైర్డ్_ఈఓపీఆర్డీ

చదువరి గారూ, వేటపాలెం లాంటివి ఎన్ని నిలబడ్డాయో అన్ని కూలిపోయాయి కూడా. స్థలం సొసైటీ పేరున ఉండి, కమిటీలో ముసలివాళ్ళు పోయాక వాళ్ళ కొడుకులు గుత్తకిచ్చుకున్న రీడింగ్ రూములు నాకు తెలుసు. ఒకటి ఇప్పుడు ఎరువుల షాపు. సొసైటీ అనగానే పవిత్రం, పంచాయతీ అనగానే దొంగలు అనుకోవద్దు. ఊరి జనం పన్ను డబ్బు పెడితే ఆ ఆస్తి మీద ఊరికి హక్కుండాలి, అది న్యాయమే.

బెజవాడ_బ్లేడు

హక్కుండాలి సరే, మా అమ్మమ్మ గారి ఊళ్ళో ఊరందరూ చందాలేసి కట్టి పంచాయతీకి అప్పజెప్పిన కమ్యూనిటీ హాలుంది. 2019 అక్టోబర్‌లో గ్రామ సచివాలయాలు వచ్చినప్పుడు తాత్కాలికంగా అని తీసుకున్నారు. ఇంకా తాత్కాలికమే. పెళ్ళిళ్ళకి మళ్ళీ షామియానాలు. అడిగితే మీ పేరు మీద ఏముంది చూపించు అంటారు, ఏమీ లేదు, ఒక తీర్మానం ఉంది, తర్వాత వచ్చిన పాలకవర్గం దాన్ని కొట్టేసి ఇంకోటి రాసుకుంది.

సిమెంటు_కంకర

అందుకే మధ్యేమార్గం ఎంపీ లాడ్స్, అంటే ఎంపీల స్థానిక అభివృద్ధి నిధి. ఎంపీకి ఏడాదికి 5 కోట్లు. పంచాయతీ నిధుల్లా కాకుండా ఇందులో రిజిస్టర్డ్ సొసైటీలకి, ట్రస్టులకి చోటుంది. సొసైటీకి మూడేళ్ళు నిండి ఉండాలి, సేవా సంస్థ అయ్యుండాలి, లాభాపేక్ష ఉండకూడదు. ఎంపీ గారు గానీ వాళ్ళ కుటుంబీకులు గానీ కమిటీలో పదవిలో ఉంటే కుదరదు. గుడి, చర్చి, మసీదు ఆవరణలో కుదరదు. స్థలం కొనడానికి ఇవ్వరు. డబ్బు ఇక్కడ కూడా మీ చేతికి రాదు, కలెక్టర్ ఆఫీసు ద్వారా మాలాంటి డిపార్ట్‌మెంటు కడుతుంది, 2023 నుంచి అంతా ఈసాక్షి పోర్టల్లోనే. కట్టేముందు మీ సొసైటీ జిల్లా అధికారులతో ఒప్పందం రాయాలి, బిల్డింగ్ జనానికి తెరిచి ఉంచుతామని, అమ్మం, బదలాయించం అని, మెయింటెనెన్స్ మాదే అని. ఈఓపీఆర్డీ గారు అడిగిన ఊరి హక్కు ఆ కాగితంలో ఉంది. బ్లేడు గారి భయానికి మందు కూడా అందులోనే ఉంది, ఎందుకంటే నడిపే బాధ్యత రాసుకున్నది మీ సొసైటీయే.

కాకపోతే సొసైటీలకి ఇచ్చేదానికి పరిమితి ఉంది, ఎంపీ గారి లెటరు ఒక్కటీ సరిపోదు, కలెక్టరేట్‌లో అర్హత చూస్తారు. మీరు ఏటా జనరల్ బాడీ పెట్టి సభ్యుల లిస్టు, లెక్కలు రిజిస్ట్రార్ దగ్గర ఫైల్ చేస్తున్నారా? మొదట అడిగేది అదే.

గోదారిగట్టు

అబ్బే... నాలుగైదేళ్ళుగా చెయ్యలేదండి, కరోనాలో ఆగిపోయింది ఇక ఎవరూ పట్టించుకోలేదు. ఈ వారమే పెడతాం. ఇంకో డౌటు, ఒక దాత 4 లక్షలిస్తా మా నాన్నగారి పేరు బిల్డింగ్‌కి పెట్టండి అన్నారు, ఎంపీ గారి డబ్బు తీసుకుంటే పెట్టొచ్చా?

సిమెంటు_కంకర

ఎంపీ లాడ్స్ డబ్బుతో కట్టిన ఆస్తికి ఏ వ్యక్తి పేరూ పెట్టకూడదు. ఎంపీ లాడ్స్ అని శిలాఫలకం మాత్రం పెట్టాలి.

బెజవాడ_బ్లేడు

జనం పన్ను కడితే ఎంపీ గారి నిధులు అని రాయిస్తాం, అత్త సొమ్ము అల్లుడి దానం. 4 లక్షలు జేబులోంచి ఇచ్చినాయన నాన్న పేరు మాత్రం పెట్టకూడదా, బాగుంది.

పద్దులు_80జీ

విడగొట్టుకోమని కంకర గారు ముందే చెప్పారుగా. దాత డబ్బుతో పుస్తకాలు, బీరువాలు కొని ఆ విభాగానికి ఆ పేరు పెట్టండి. బీరువా మీద పేరుకి ఏ రూలూ అడ్డం రాదు.

పాలమూరు_పోరడు

పీ4 అని మీ దగ్గర కొత్తగా వచ్చింది కదా, దాంట్ల ఏమన్న ఇస్తరా అన్నా?

రిటైర్డ్_ఈఓపీఆర్డీ

లేదు బాబూ, అది పేద కుటుంబాలని దత్తత తీసుకునేది, మార్గదర్శి, బంగారు కుటుంబం అంటారే అది. బిల్డింగులకి కాదు. 1997లో వచ్చిన జన్మభూమి ఉండగా అయితే మీకు సరిగ్గా సరిపోయేది, ఊరు తన వాటా కడితే ప్రభుత్వం మిగతాది వేసేది. అప్పట్లో స్కూలు గదులు ఎన్ని లేచాయో. ఊరు డబ్బు పెట్టింది కాబట్టి ఊరోళ్ళే మేస్త్రీ నెత్తిన కూర్చునేవాళ్ళు, సిమెంటు తక్కువేస్తే ఒప్పుకునేవాళ్ళు కాదు.

గోదారిగట్టు

అందరికీ చాలా థాంక్స్ అండి. ఇవాళ కమిటీ కూర్చుంది. వీఓ లీడర్లు ఇద్దర్ని కమిటీలోకి తీసుకోవాలని తీర్మానం చేశాం, ఒకరిద్దరు మూతి ముడుచుకున్నారు గానీ అయింది. స్థలం సొసైటీ పేరునే రాయించుకుంటాం. సర్పంచి గారికి సీసీ రోడ్డు, డ్రెయిను, కుళాయి, లైటు కలిపి ఒక అర్జీ ఇచ్చాం, ఆయన కూడా ఊపిరి పీల్చుకున్నట్టు కనపడ్డారు, ఇదైతే నేను చెయ్యగలను అన్నారు. బిల్డింగ్‌ని కూడా చిన్నది చేశాం, ముందు ఒక హాలు బాత్రూములతో, గదులు తర్వాత. ఎంపీ ఆఫీసుకి లైబ్రరీ హాలు అని అర్జీ రాస్తున్నాం.

రిటైర్డ్_ఈఓపీఆర్డీ

బాగుంది. అర్జీ కంటే ముందు ఒక పని. ఆ 5 సెంట్లకి ఈసీ (స్థలం మీద పాత లావాదేవీల సర్టిఫికెట్టు) తీశారా? సర్వే నంబరు 22ఏ (రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల) లిస్టులో ఉందేమో చూశారా? చేపల చెరువు గట్టు పక్క స్థలం అన్నారు, నాకు అక్కడే డౌటు కొట్టింది.

గోదారిగట్టు

మూడు రోజులైంది రిప్లై ఇచ్చి, సారీ. ఈఓపీఆర్డీ గారి నోటి మాట నిజమైంది. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో 22ఏలో ఉందన్నారు. ఆ పెద్దాయన వాళ్ళ నాన్నకి ఎప్పుడో ఇచ్చిన డీ పట్టా (ప్రభుత్వం అసైన్ చేసిన భూమి) అంట, ఆయనకే తెలీదు పాపం, శిస్తు కడుతున్నాం మాదే అనుకున్నారు. 20 ఏళ్ళు దాటిన అసైన్డ్ భూములకి హక్కులు ఇచ్చేశారు కదా, అది వర్తించదా?

రిటైర్డ్_ఈఓపీఆర్డీ

2023లో ఆ సవరణ వచ్చింది, 2024లో ప్రభుత్వం మారాక అవకతవకలు జరిగాయని ఆ ఫ్రీహోల్డ్ భూముల రిజిస్ట్రేషన్లు ఆపేశారు. దాన్ని నమ్ముకుని ఒక్క ఇటుక కూడా పెట్టకండి. అసైన్డ్ భూమిని గిఫ్ట్ ఇచ్చినా 1977 చట్టం కింద చెల్లదు, రేపు తహసీల్దారు వెనక్కి తీసుకోవచ్చు, పైన ఎంత మంచి బిల్డింగ్ ఉన్నా సరే. ఎంపీ లాడ్స్‌లో కూడా టైటిల్ చూస్తారు, అక్కడే ఫైలు ఆగిపోతుంది.

మీకు రెండు దార్లు. ఒకటి, ఊళ్ళో జిరాయితీ (సొంత పట్టా) స్థలం ఇంకెవరైనా ఇస్తారేమో చూడటం, 3 సెంట్లయినా చాలు. రెండోది, ప్రభుత్వ స్థలం సొసైటీకి కేటాయించమని కలెక్టరు గారికి అర్జీ, బీఎస్ఓ 24 (రెవెన్యూ బోర్డు ఉత్తర్వు) కింద అది తహసీల్దారు, ఆర్డీఓ, కలెక్టరు అంటూ పైకెళ్ళాలి, ఏళ్ళు పడుతుంది.

బెజవాడ_బ్లేడు

మరి ఆ మాట వరకు వచ్చిన 11 లక్షలు? జనం వెనక్కి అడగరా?

గోదారిగట్టు

చేతికొచ్చిన 6 లక్షలు కొత్త అకౌంటులో వేశాం, ఎవరెంత ఇచ్చారో లిస్టు లైబ్రరీ గుమ్మం మీద అంటించాం, కావాల్సినవాళ్ళు వెనక్కి తీసుకోవచ్చని కూడా రాశాం. ఇప్పటిదాకా ఒక్కరే అడిగారు. వీఓ లీడరమ్మ గారూ, మీరు చెప్పినట్టే మా ఊరి వీఓలో మాట్లాడితే ఒకావిడ పుట్టింటి వాటా కింద వచ్చిన ఇంటి జాగా ఉంది, బస్టాండు వెనకాల, అన్నదమ్ములు ఒప్పుకుంటే అమ్ముతానంది. ఊరికే కాదు, రేటుకే. సెంటు రెండున్నర లక్షలు చెప్తోంది.

పద్దులు_80జీ

అన్నదమ్ములందరి సంతకాలు లేకుండా అడ్వాన్సు కూడా ఇవ్వకండి.

వీఓ_లీడరమ్మ

ముందు ఆ అమ్మాయి చేతికి సరైన రేటు ఇవ్వండి, ఊరి పని కదా అని తగ్గించమనకండి. ఈసీ ఈసారి బేరం కంటే ముందు తియ్యండి.

గోదారిగట్టు

సోమవారం మీసేవకి వెళ్తున్నాం అమ్మా. ఈఓపీఆర్డీ గారూ, ఆ జాగా గ్రామకంఠంలో (ఊరి ఇళ్ళ స్థలాల్లో) ఉందంటున్నారు, దానికి ఏ కాగితాలు అడగాలో ఒక్కసారి రాయరూ?

రిటైర్డ్_ఈఓపీఆర్డీ

లింకు డాక్యుమెంట్లు, ఇంటి పన్ను రసీదులు పాతవి ఎన్నుంటే అన్ని, పంచాయతీ డిమాండ్ రిజిస్టరులో ఎవరి పేరుందో దాని నకలు, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్టు. గ్రామకంఠం కాబట్టి అడంగల్‌లో (సాగు భూముల రికార్డులో) వెతక్కండి, దొరకదు. మీ పంచాయతీ సెక్రటరీని వెంటపెట్టుకెళ్ళి కొలతలు కూడా వేయించండి, బస్టాండు వెనక అంటున్నారు, ఆర్టీసీ వాళ్ళ హద్దు ఎక్కడిదాకా ఉందో చూసుకోవాలి.